పాదంలో చీమలు: అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు డాక్టర్లకు, నర్సులకు, ఆసుపత్రుల ఐటీ విభాగాల్లో పనిచేస్తున్న తెలుగువారికి,

నమస్కారం.

నేను టెక్సస్‌లో ఒక ఆసుపత్రి రికవరీ రూములో నర్సుని. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. ఇప్పుడు చెప్పబోయే సంగతిని మా పైవాళ్లకు రెండుసార్లు రాసిచ్చాను. మొదటిదానికి మూడు వారాల తర్వాత ఒక్క వాక్యం జవాబొచ్చింది: సిబ్బందికి గుర్తు చేశామని. రెండోదానికి అదీ లేదు. అందుకని మీకు రాస్తున్నాను. మీ వల్ల తెలుగువాళ్లకు ఎంత పేరొచ్చిందో తెలుగు సంఘాల మహాసభల వేదికల మీద ఎటూ వింటూనే ఉంటారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

ఆపరేషన్ అయి, మత్తు దిగుతూ ఉన్న, స్పానిష్ మాట్లాడే పేషెంట్లతో ఇంటర్‌ప్రెటర్ లేకుండా ఫోన్లోని ట్రాన్స్‌లేషన్ యాప్‌తో మాట్లాడేస్తున్నారు. ఇది మా ఒక్క చోటే జరుగుతోందని నేననుకోను. మీ వార్డుల్లోనూ చూస్తూనే ఉండుంటారు.

ఒక శుక్రవారం రాత్రి జరిగింది చెప్తాను. ఇళ్లకు కప్పులు వేసే పనివాడు, యాభై దాటినవాడు, పైనుంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్డు వేసి, కాలు కదలకుండా స్ప్లింట్ కట్టి మా దగ్గరికి పంపారు. స్టాండుకు ట్యాబ్లెట్ బిగించి ఉండే వీడియో ఇంటర్‌ప్రెటర్ బండి మాకు ఒక్కటే ఉంది. ఆ వేళకు అది ఇంకో వార్డులో ఉంది. ఆయన్ను చూస్తున్న మా తోటి నర్సు మంచి పనిమంతురాలు, ఆ మాట ముందే చెప్పాలి. జేబులోంచి ఫోన్ తీసి, నొప్పి పదికి ఎంత అని అడిగింది. ఆయన అంకె చెప్పలేదు. ఆక్సిజన్ మాస్కు కిందనుంచి "సియెంతో ఒర్మీగాస్ ఎన్ ఎల్ పియే" అన్నాడు. ఫోన్ చక్కటి ఇంగ్లిష్‌లో చదివి వినిపించింది: నా పాదంలో చీమలున్నట్టు తెలుస్తోంది.

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. నిజంగానే చూసింది, దులిపింది కూడా. ఆపరేషన్లో కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చారు కదా, లేనివి కనిపిస్తున్నాయేమో అనుకుని చార్టులో "అయోమయంగా ఉన్నాడు" అని రాసింది. ఆయన మళ్లీ అదే మాటన్నాడు. ఫోన్ మళ్లీ అదే చదివింది.

కాసేపయ్యాక నా దగ్గరికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అరుగు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని లేవబోతూ "కాలు చీమలు పాకుతున్నట్టుందే" అనేది. మన ఊళ్లో ఏ ముసలమ్మకు చెప్పినా అది చీమల గొడవ కాదని వెంటనే తెలుస్తుంది. స్పానిష్‌లోనూ అంతే. ఒర్మీగా అంటే చీమ, ఒర్మిగేయో అంటే తిమ్మిరి. వెళ్లి ఆయన కాలి వేళ్లు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి ఆలస్యమవుతోంది. బొటనవేలు కొంచెం పైకి వంచానో లేదో, మనిషి మంచం మీద ఎగిరిపడ్డాడు.

ఎముకల విభాగంలోని జూనియర్ డాక్టర్ని, అంటే ఆర్థో రెసిడెంటుని, పిలిచాం. స్ప్లింట్ విప్పి, లోపలి దూది కట్టును చర్మం కనిపించేదాకా కత్తిరించారు. నెమ్మదిగా వేళ్లకు రంగొచ్చింది. రెండో ఆపరేషన్ తప్పింది. ఆయన మొదటిసారి చీమలన్న దగ్గర్నుంచి కత్తెర పడేదాకా 50 నిమిషాలు.

మేం భయపడింది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ గురించి. అదేమిటో డాక్టర్లకు నేను చెప్పనక్కర్లేదు. ఐటీవారి కోసం రెండు ముక్కలు. విరిగిన కాలు లోపల వాచి, కండరాల చుట్టూ ఒత్తిడి పెరిగిపోయి రక్తం ఆడదు. కొన్ని గంటలు అలాగే ఉంటే కండరం చచ్చిపోతుంది. దాని తొలి కబురు మానిటర్ మీద కనిపించదు, పేషెంటు నోటి వెంట వస్తుంది. అలాగని తిమ్మిరి అన్న ప్రతిసారీ కొంప మునిగినట్టు కాదు. నరానికిచ్చిన మత్తు దిగేటప్పుడు కూడా తిమ్మిరే ఉంటుంది. అందుకే ఎప్పట్నుంచి, ఎక్కడ, పెరుగుతోందా తగ్గుతోందా అని గుచ్చి గుచ్చి అడగాలి.

ఇక్కడ నా ఫిర్యాదు యాప్ తప్పుగా అనువదించిందని కాదు. మాటకు మాట చూస్తే దానికి వంకే పెట్టలేం. అదే ఇంటర్‌ప్రెటర్ ఉంటే "నర్సుగారూ ఒక్క క్షణం, చీమలంటే తిమ్మిరేనా అని ఆయన్ని అడిగి చెప్పనా?" అనేది. అలా ఆపి అడగడం వాళ్లకు శిక్షణలోనే నేర్పుతారు. యాప్‌కు ఆగడం తెలియదు. అర్థమైందీ, అర్థం కానిదీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చదివేస్తుంది. వింటున్న నర్సుకు ఎక్కడ అనుమానపడాలో తెలియదు. మనవాళ్లు పూర్వం దుబాసీ అనేవారు, రెండు భాషల మనిషి అని. ఆ మనిషి పోయి రెండు భాషలు మాత్రం మిగిలితే జరిగేది ఇదే.

యాప్‌లు పుట్టకముందు మనుషులూ ఇదే పొరపాటు చేశారు. 1980లో ఫ్లోరిడాలో స్పృహ తప్పిన 18 ఏళ్ల కుర్రాణ్ని ఆసుపత్రికి తెచ్చారు. క్యూబా నుంచొచ్చిన కుటుంబం. "ఇంతాక్సికాదో" అన్నారు. వాళ్ల లెక్కలో దానర్థం తిన్నదేదో పడలేదని. డాక్టర్లు దాన్ని ఇంగ్లిష్ చెవులతో విని డ్రగ్స్ ఎక్కువయ్యాయనుకున్నారు. తలలో రక్తస్రావమని తెలిసేసరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఆ కేసులో పరిహారం దాదాపు 7 కోట్ల 10 లక్షల డాలర్లని ఈ దేశంలో ఇంటర్‌ప్రెటర్ల శిక్షణకు వెళ్లిన ప్రతివాళ్లూ విని ఉంటారు. ఒక్క మాట మీద నడిచిన కేసది. ఆ మాటకు అర్థం తెలుసని అందరూ అనుకున్నారు కాబట్టే ఎవరూ తిరిగి అడగలేదు.

ఇక మామూలు పేషెంట్ల మీద పడుతున్న దెబ్బలు. నేను చూసినవి, నాకు తెలిసినవి:

1. ఆపరేషన్‌కు ముందు కట్టుడు పళ్లు తీయిస్తాం, కళ్లద్దాలు తీయిస్తాం, వినికిడి మిషను తీయిస్తాం. గొంతులో ట్యూబు వేసి తీసినందువల్ల గొంతు బొంగురుపోయి ఉంటుంది. ముఖానికి మాస్కు. చుట్టూ నాలుగు మానిటర్ల మోత. ఆ ముద్ద మాటను ఫోన్ మైకు పట్టుకుని రాతగా మార్చుకోవాలి, ఆ రాతను అనువదించాలి, మళ్లీ మాటగా పలకాలి. మొదటి మెట్టులో జారినా మిగతా రెండూ నున్నగా సాగిపోతాయి. తెర మీద చదివి సరిచూసుకోమంటే కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి, సంచి వాళ్లబ్బాయి దగ్గరుంది.

2. పిత్తాశయం తీసిన ఒకామెను ఇంటికి పంపుతూ, పుండు దగ్గర డిశ్చార్జి కనిపిస్తే మాకు ఫోన్ చెయ్యండి అని యాప్‌లో చెప్పారు. డిశ్చార్జి అంటే ఇంగ్లిష్‌లో చీమూ అవుతుంది, ఇంటికి పంపడమూ అవుతుంది. మాట ముక్కలుగా వినపడిందో ఏమో, యాప్ దానికి "ఆల్తా" అన్న మాట వేసింది. ఆల్తా అంటే ఇంటికి పంపడం. ఆమె తలూపింది. డిశ్చార్జి అయ్యాక ఫోన్ చెయ్యమన్నారనుకుని ఇంటికెళ్లగానే చేసింది కూడా, క్షేమంగా చేరామని! అయిదో రోజున బొడ్డు దగ్గర కుట్లు ఎర్రబడి, చీము కారుతూ, జ్వరంతో ఎమర్జెన్సీకొచ్చింది. చీము మొదలై రెండు రోజులైందట. మీరు చెప్పిన జాబితాలో అది లేదు కదా అంది. నా రెండో ఫిర్యాదు దీని గురించే.

3. రోజుకు ఒక్కసారి అని రాయడానికి ఇంగ్లిష్‌లో వాడే "వన్స్" అక్షరాలనే స్పానిష్‌లో "ఒన్సే" అని చదువుతారు. ఒన్సే అంటే 11. సగం తర్జుమా అయిన మందు చీటీలో ఆ మాట మిగిలిపోతే ఏమవుతుందో ఊహించండి. 2010లో న్యూయార్క్ బ్రాంక్స్ ఫార్మసీలు కంప్యూటర్‌తో తీసిన స్పానిష్ చీటీలను పరిశీలిస్తే సగం చీటీల్లో తప్పులున్నాయి. ఆపరేషన్ తర్వాత మనమిచ్చే హైడ్రోకోడోన్ నొప్పి మాత్రలో చాలాసార్లు అసిటమినోఫెన్, అంటే మన పారాసిటమాల్, కలిసే ఉంటుంది. టైలెనాల్ కూడా అదే మందు కాబట్టి దాని మీద ఇంట్లో ఉన్న టైలెనాల్ వేసుకోవద్దని, రెండిట్లోని పారాసిటమాల్ కలిపి రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పని చెప్పాలి. ఇది ఒక వాక్యం చెప్పి తలూపించుకుంటే తీరేది కాదు. తిరిగి చెప్పించుకోవాలి.

4. స్పానిష్ అని చార్టులో రాసి ఉన్నవాళ్లందరిదీ స్పానిష్ కాదు. గ్వాటెమాలా నుంచొచ్చే చాలామందికి ఇంటి భాష మామ్ లేదా కిచే. స్పానిష్ వాళ్లకు మనకు హిందీ లాంటిది, బజారు పనికి సరిపోతుంది. ఆ సంగతి ఇంటర్‌ప్రెటర్ రెండు నిమిషాల్లో పసిగట్టి చెప్తుంది. యాప్ స్పానిష్ బటన్ నొక్కారు కాబట్టి స్పానిష్‌గానే వింటుంది.

5. యాప్ మొరాయిస్తే తర్వాతి దారి పిల్లలు. గర్భసంచి తీసేసిన తల్లికి రక్తస్రావం ఎంత అవుతోందో పన్నెండేళ్ల కూతురు చేత అడిగించడం నేను చూశాను. ఆ పిల్ల తలెత్తి ఎవరి ముఖమూ చూడలేదు.

6. సొంత ఫోన్లోని ఉచిత యాప్‌లో చెప్పిన ప్రతి మాటా బయటి సర్వర్లకు వెళ్తుంది. పేషెంట్ల వివరాల గోప్యతా చట్టం హిపా కింద ఇది ఎంత తప్పో ఐటీవారికి నాకంటే బాగా తెలుసు.

"స్పానిష్‌కైతే యాప్‌లు బాగానే పనిచేస్తాయి కదా" అనే మాట ప్రతి మీటింగులోనూ వస్తుంది. నిజమే. 2019లో వచ్చిన పరిశీలనలో ఎమర్జెన్సీ డిశ్చార్జి సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్ స్పానిష్‌లోకి 92 శాతం సరిగ్గా మార్చింది. 2021లో ఇంకో పరిశీలనలో 94 శాతం. అదే పరిశీలనలో ఫార్సీకి 67.5, ఆర్మేనియన్‌కు 55. కానీ ఆ లెక్కలన్నీ తాపీగా టైపు చేసిన ఇంగ్లిష్ వాక్యాలవి. మనం చెప్పేదానికి సంబంధించినవి. మత్తులో ఉన్న మనిషి తన ఊరి యాసలో మనకు చెప్పేదానికి ఆ 94 శాతం వర్తించదు. పైగా 94 వస్తే మిగిలిన ఆరు ఎక్కడున్నాయో చెప్పే దీపమేదీ తెర మీద వెలగదు.

2014లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో పది వైద్య వాక్యాలను గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో 26 భాషల్లోకి మార్చి పరీక్షించారు. సరైనవి 57.7 శాతమే. పిల్లవాడికి ఫిట్స్ వస్తున్నాయన్న వాక్యం స్వాహిలిలో పిల్లవాడు చనిపోయాడని వచ్చింది. మరాఠీలో గుండె ఆగిందన్నది గుండెను ఖైదు చేశారని వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ యాప్‌లు చాలా మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. అయినా మీ అమ్మగారు ఇక్కడికొచ్చినప్పుడు మోకాలి ఆపరేషనో, కంటి ఆపరేషనో అయి, మీరు బయట వెయిటింగ్ రూములో కూర్చుని ఉండగా, "కళ్లు తిరుగుతున్నాయి నాయనా, కడుపులో తిప్పుతోంది" అంటే ఫోన్ ఏం చదవాలి? ఎవరి కళ్లు ఎటు తిరుగుతున్నాయని రాసుకుంటారు? స్పానిష్ మాట్లాడేవాళ్లు ఈ దేశంలో కోట్లలో ఉన్నారు. వాళ్లకే ఇంటర్‌ప్రెటర్ దొరకని చోట తెలుగుకు వరుసలో ఎన్నో నంబరొస్తుందో లెక్కేసుకోండి.

చట్టం సంగతి. 2025 మార్చి 1న ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ, 2000 నాటి భాషా సౌకర్యాల ఉత్తర్వును అధ్యక్షుడు రద్దు చేశాక "ఇక ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదట" అని మా దగ్గర ఒకరన్నారు. రద్దయింది ఆ ఉత్తర్వు, చట్టాలు కాదు. 1964 పౌర హక్కుల చట్టం ఆరో అధ్యాయం అలాగే ఉంది. 2010 అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557 సెక్షన్ అలాగే ఉంది. దాని కింద 2024లో తెచ్చిన నిబంధనలు స్పష్టంగా చెప్తున్నాయి: మాట్లాడేటప్పుడు అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను పేషెంటుకు ఖర్చు లేకుండా ఇవ్వాలి, కీలకమైన కాగితాన్ని యంత్రం అనువదిస్తే అర్హుడైన మనిషి సరిచూడాలి, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తాత్కాలికంగా తప్ప చిన్నపిల్లల చేత మాట్లాడించకూడదు.

నా తప్పూ చెప్పుకోవాలి. పదకొండేళ్లలో పని మీద నేర్చుకున్న స్పానిష్‌తో నేనూ ఎన్నోసార్లు నెట్టుకొచ్చాను. నాకు ఏ పరీక్షా లేదు, ఏ సర్టిఫికెటూ లేదు. చీమలు నాకు తెలిశాయంటే అది మా అమ్మమ్మ చలవ, నా స్పానిష్ గొప్ప కాదు. పోయిన ఏడాదే మానేశాను. ఇప్పుడు ఫోన్ ఇంటర్‌ప్రెటర్ లైనుకు చేస్తున్నాను. స్పానిష్‌కు ఎక్కువసార్లు నిమిషంలోపే మనిషి దొరుకుతున్నారు. యాప్‌ని జేబులోంచి తీసి, భాష ఎంచుకుని, మూడుసార్లు గట్టిగా అరిచే సమయం కంటే అది తక్కువే.

డబ్బు దండగ అనేవాళ్ల కోసం ఒక్క లెక్క. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో ప్రతి మంచం దగ్గరా రెండు రిసీవర్లున్న ఇంటర్‌ప్రెటర్ ఫోన్ పెట్టి ఎనిమిది నెలలు చూశారు. పెద్దవయసు పేషెంట్లలో నెలలోపే మళ్లీ చేరేవాళ్లు 17.8 శాతం నుంచి 13.4కు తగ్గారు. ఇంటర్‌ప్రెటర్ల ఖర్చు పోను నెలకు లక్షా అరవై వేల డాలర్లు మిగిలిందని అంచనా వేశారు. 2017లో అచ్చయింది.

మీ నుంచి నేను కోరేవి:

1. సర్జన్లు, మత్తు డాక్టర్లు: రికవరీ నుంచి ఫోన్ చేసినప్పుడు "యాప్‌తో కానిచ్చెయ్యమ్మా" అనకండి. నొప్పి, తిమ్మిరి, ఊపిరి, రక్తస్రావం గురించి పేషెంటు ఏమన్నాడని మేం చెప్తే, ఇంటర్‌ప్రెటర్ ద్వారా తెలుసుకున్నారా అని ఎదురడగండి. మీరు రెండుసార్లు అడిగితే మూడోసారికి బండి దానంతటదే వస్తుంది.

2. క్వాలిటీ కమిటీల్లో ఉన్న డాక్టర్లు: రికవరీలో ప్రతి రెండు మంచాలకు ఒక ఇంటర్‌ప్రెటర్ ఫోన్ పెట్టించండి. వీడియో బండే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు, వైఫై పోతే అది బొమ్మ. రెండు రిసీవర్ల ఫోన్ చాలు.

3. ఐటీవారు: ఎపిక్, సెర్నర్ లాంటి కంప్యూటర్ రికార్డుల్లో మీరు పెట్టిన తప్పనిసరి గడులు మేం రోజూ నింపుతూనే ఉన్నాం, కొన్ని ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు. ఇంకొకటి పెట్టండి. ఇంగ్లిష్ కాని పేషెంటుకు నొప్పి అంచనా, డిశ్చార్జి బోధన నమోదు చేసేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ నంబరు వెయ్యనిదే పేజీ ముందుకు పోకూడదు. యాప్ వాడితే వాడామని టిక్కు పెట్టే గడీ ఉండాలి. ఇప్పుడు అది ఎక్కడా నమోదు కావట్లేదు. అందుకే ఏ మీటింగులో అడిగినా "సమస్యలేవీ మా దృష్టికి రాలేదు" అంటున్నారు.

4. తోటి నర్సులు: దాహంగా ఉందా, చలేస్తోందా, మీ అబ్బాయి బయటే ఉన్నాడు, ఇంతవరకు యాప్ వాడుకుందాం, నేనూ వాడతాను, చిన్న చిన్న వాక్యాల్లో. పేషెంటు అడక్కుండా ఏదైనా చెప్పడం మొదలుపెట్టిన క్షణం ఫోన్ జేబులో పెట్టి లైనుకు చెయ్యండి. ఇంటర్‌ప్రెటర్ దొరకని ప్రతిసారీ ఇన్సిడెంట్ రిపోర్టు వెయ్యండి. నేను వేసింది రెండే, అది నా లోపం. కనీసం పదిహేను వెయ్యాల్సింది.

5. తెలుగు సంఘాల పెద్దలు: మహాసభల్లో డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకునే సీఎంఈ సెషన్లు ఎలాగూ పెడుతున్నారు. ఒక గంట దీనికివ్వండి. ఒక స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ను, ఒక తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను వేదిక ఎక్కించండి. ఇండియా నుంచొచ్చే తల్లిదండ్రుల పర్సులో పెట్టుకోవడానికి "నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి, హిందీ కాదు" అని ఇంగ్లిష్‌లో అచ్చేసిన చిన్న కార్డు పంచండి.

ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని వచ్చే సోమవారం మా యాజమాన్యానికి మూడోసారి ఇస్తున్నాను. చీమల సంగతిని ఈసారి మొదటి పేజీలో పెట్టాను. కింద సంతకాల కోసం ఒక పేజీ ఖాళీగా వదిలాను. ప్రస్తుతానికి దాని మీద రెండే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది ఆ రాత్రి దుప్పటి దులిపిన నర్సుది.

ఇట్లు,
ఒక రికవరీ రూము నర్సు,
టెక్సస్